ఎత్తు తెలియాలంటే కిందికి దిగాలి

1943 నవంబరు 20న పసిఫిక్ సముద్రంలోని తరావా పగడపు దీవుల్లో బెటియో అనే చిన్న దీవి మీద అమెరికా మెరైన్ సైనికులు దాడికి దిగారు. దీవిలో జపాన్ వాళ్లు ఎంతమంది ఉన్నారో అంచనా వెయ్యడానికి విశ్లేషకులు ఒక చిత్రమైన దారి పట్టారు. విమానాలు తీసిన ఫొటోల్లో ఒడ్డు నుంచి నీటి మీదికి కట్టిన మరుగుదొడ్లను లెక్కపెట్టారు. ఎంతమందికి ఒకటి చొప్పున కడతారో తెలుసు కాబట్టి గుణించి చూశారు. అలా వచ్చిన సంఖ్య అసలు సంఖ్యకు, అంటే నాలుగున్నర వేల పైచిలుకుకు, చాలా దగ్గరగా ఉంది. అవే ఫొటోల్లో దీవిని చుట్టుకొని ఉన్న పగడపు దిబ్బ కూడా స్పష్టంగానే పడింది. దాడి వేళకు ఆ దిబ్బ మీద ఎంత నీరు నిలుస్తుందన్నది మాత్రం ఏ ఫొటోలోనూ పడలేదు. సైనికుల్ని మోసే పడవలకు మీటరుకు పైగా లోతు కావాలి. ఆ రోజులు బహుళ అష్టమి ప్రాంతం, పైగా చంద్రుడు భూమికి బాగా దూరంగా ఉన్న సమయం. పోటు పేరుకే వచ్చింది. పడవలు దిబ్బకు తగులుకొని నిలిచిపోయాయి. దిబ్బను పాకి దాటగల ట్రాక్టరు బండ్లు కొన్నే ఉన్నాయి. మిగతా వాళ్లు వందల మీటర్ల దూరం నడుము లోతు, ఛాతీ లోతు నీళ్లలో మెషిన్‌గన్లకు ఎదురు నడవాల్సి వచ్చింది. మూడు రోజుల పోరులో అమెరికా వైపు సుమారు వెయ్యి మంది చనిపోయారు.

ఒకే ఫొటో మనుషుల లెక్క సరిగ్గా చెప్పి, నీటి లోతు దగ్గర నోరు విప్పలేదు. ఈ తేడా యాదృచ్ఛికం కాదు. నిట్టనిలువుగా పైనుంచి తీసిన ఫొటో పొడవు వెడల్పుల్ని దాదాపు పటంలా చూపిస్తుంది. మూడో కొలత, అంటే ఎత్తు, లోతు, వాలు, అందులో అణగిపోతుంది. తీరం మీద దండెత్తేవాడికి కావలసిన వాటిలో సగానికి పైగా ఆ మూడో కొలతకు చెందినవే. రెండో ప్రపంచయుద్ధంలో ఆయుధాలు లేని విమానాల్ని అలలకు ఆనేంత కిందుగా పంపి ఫొటోలు తీయించడాన్ని వీరగాథగా చెప్పుకోవడం అలవాటైపోయింది. వీరత్వం ఉంది, కాదనలేం. కానీ ఆ పని అసలు విలువ కోణంలో ఉంది. పై ఫొటో చెప్పలేనిది ఏమిటో ముందుగా తేల్చుకొని, ఆ ఒక్క ప్రశ్న పట్టుకొని కిందికి దిగినప్పుడు అది అక్కరకొచ్చింది. ప్రశ్న వెయ్యని చోట ఎన్ని లక్షల ఫొటోలున్నా సైన్యం గుడ్డిగానే నడిచింది.

పైనుంచి ఎత్తు ఎందుకు తెలియదు? మేడ మీద నుంచి వంగి చూస్తే వాకిట్లో నిలబడ్డ మనిషి పొడుగో పొట్టో చెప్పలేం, నెత్తి మాత్రమే కనిపిస్తుంది. ఈ చిక్కు ఫొటో విశ్లేషకులకు కొత్తేమీ కాదు. ఇంగ్లండులో మెడ్మెనమ్ దగ్గర ఒక పెద్ద బంగళాలో పనిచేసిన బ్రిటిష్ విశ్లేషణ కేంద్రంలో ప్రతి బల్ల మీదా స్టీరియోస్కోపు ఉండేది. విమానం వరసగా తీసే ఫొటోలు ఒకదాని మీద ఒకటి సుమారు 60 శాతం పరుచుకునేలా తీస్తారు. ఒకే చోటు రెండు వేర్వేరు స్థానాల నుంచి పడుతుంది కాబట్టి, జంటగా చూస్తే కట్టడాలు లేచి నిలబడినట్టు కనిపిస్తాయి. ఎత్తైన వస్తువు ఒక ఫొటో నుంచి మరో ఫొటోకు కాస్త ఎక్కువగా జరుగుతుంది. ఆ జరుగుడే పారలాక్స్, దాన్ని కొలిస్తే ఎత్తు వస్తుంది. అయితే కొలతకు ఒక హద్దు ఉంది. విమానం 9,000 మీటర్ల ఎత్తులో ఉందనుకుందాం. కటకం నాభ్యంతరం 91 సెంటీమీటర్లు, ఫిల్ము చట్రం 23 సెంటీమీటర్లు. 60 శాతం పరుచుకుంటే రెండు ఫొటోల మధ్య ఎడం ఫిల్ము మీద 9 సెంటీమీటర్ల చిల్లర. నేర్పుగల కన్ను ఒక మిల్లీమీటరులో యాభయ్యో వంతు జరుగుడును పట్టగలదనుకున్నా, లెక్క కడితే అది నేల మీద సుమారు 2 మీటర్ల ఎత్తుకు సమానం. సముద్రపు ఒడ్డున పాతిన అడ్డంకి ఎత్తే దాదాపు అంత. అంటే కొలవాల్సిన వస్తువూ కొలతలో వచ్చే తప్పూ ఒకే పరిమాణంలో ఉన్నాయన్నమాట.

నీడ సంగతేమిటని అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. సూర్యుడు 30 డిగ్రీల ఎత్తులో ఉంటే 2 మీటర్ల గుంజ మూడున్నర మీటర్ల నీడ పరుస్తుంది. 1:10,000 నిష్పత్తి ఫొటోలో అది మిల్లీమీటరులో మూడో వంతు. భూతద్దం కింద కొలవొచ్చు, కొలిచారు కూడా. కానీ గుంజ చివర బిగించిన 30 సెంటీమీటర్ల మందుపాతర ఆ ఫొటోలో మిల్లీమీటరులో ముప్ఫయ్యో వంతు మాత్రమే. ఆనాటి ఫిల్ముకు అది అందదు. గుంజ ఉందని తెలుస్తుంది, దాని ఎత్తు కూడా ఇంచుమించుగా తెలుస్తుంది, పడవ దానికి తగిలితే ఆగుతుందా, పేలుతుందా అన్నది తెలియదు. ఆ రెంటికీ మధ్య ముప్ఫై మంది ప్రాణాల తేడా ఉంది.

తక్కువ ఎత్తు ఫొటో ఈ ఖాళీని ఎలా పూరిస్తుందో 1944 నార్మండీ దాడి కంటే ముందే ఒక చిన్న దాడి చూపించింది. ఫ్రాన్సు తీరంలో బ్రూనవాల్ దగ్గర ఒంటరి బంగళా ముందు కొండ అంచున ఒక చుక్క ఉన్నట్టు ఎత్తు నుంచి తీసిన ఫొటోల్లో కనిపించింది. దాని దాకా కాలిబాట పడి ఉంది. కొత్త జర్మన్ రాడారేమో అని బ్రిటిష్ శాస్త్రవేత్తలకు అనుమానం. 1941 డిసెంబరు 5న టోనీ హిల్ అనే పైలట్ స్పిట్‌ఫైర్‌ విమానంలో ఆ కొండను రాసుకుపోయేలా ఎగిరి, పక్కకు తిప్పి బిగించిన కెమెరాతో దాన్ని పట్టాడు. చుక్క కాస్తా మనిషి ఎత్తు దాటిన లోహపు గిన్నెగా బయటపడింది. 1942 ఫిబ్రవరి 27 రాత్రి పారాచూట్ దళం దిగి ఆ రాడారులోని ముఖ్య భాగాల్ని ఊడదీసి పట్టుకుపోయింది. ఈ కథలో నన్ను ఆకర్షించేది పనుల వరస. మొదట పై ఫొటో అనుమానాన్ని పుట్టించింది, ఎక్కడ వెతకాలో చెప్పింది. హిల్ వెళ్లింది ఆ ఒక్క చుక్క కోసం. అదే ఏడాది అక్టోబరులో ఇలాంటి పని మీదే వెళ్లి హిల్ చనిపోయాడు.

కిందుగా ఎగరడానికి ధైర్యం చాలు అనుకుంటే పొరపాటు. భౌతికశాస్త్రం అక్కడా అడ్డం పడుతుంది. గంటకు 560 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 156 మీటర్లు. షట్టర్ సెకనులో ఐదువందలో వంతు సేపు తెరుచుకున్నా, ఆలోగా విమానం 31 సెంటీమీటర్లు జరిగిపోతుంది. పక్కగా 50 మీటర్ల దూరంలో ఉన్న గుంజను 15 సెంటీమీటర్ల కటకంతో తీస్తే బొమ్మ ఫిల్ము మీద దాదాపు ఒక మిల్లీమీటరు సాగుతుంది. అంటే అలికినట్టు వస్తుంది. అదే కెమెరాను ముక్కులో బిగించి ముందుకు చూసేలా పెడితే సంగతి మారిపోతుంది. 100 మీటర్ల ముందున్న వస్తువు విమానం వైపు వస్తున్నట్టే ఉంటుంది గాని పక్కకు పెద్దగా జరగదు. విమానం దారికి 8 మీటర్లు పక్కన ఉన్నా సాగుడు మిల్లీమీటరులో ఇరవై ఐదో వంతుకు తగ్గిపోతుంది. అందుకే నార్మండీకి ముందు అమెరికా పంపిన లైట్నింగ్ విమానాల్లో తుపాకులు తీసేసి, ముక్కులో ముందుచూపు కెమెరా, దానికి తోడు పక్కచూపు కెమెరాలు అమర్చారు. పక్కచూపు కెమెరాకు దూరంగా ఉన్నవే బాగా పడతాయి, దగ్గరివి అలుక్కుపోతాయి. ఫిల్మునే బొమ్మ జరిగే వేగంతో కదిలిస్తూ, సన్నని చీలిక గుండా ఎడతెగని పట్టీగా ఫొటో తీసే కెమెరా కూడా ఆ కాలంలోనే అమెరికాలో వచ్చింది. తక్కువ ఎత్తు ఫొటోకు అది మరో దారి.

ఇక నార్మండీ. 1944 మొదటి నెలల్లో జర్మన్ సేనాని రోమెల్ తీరరక్షణ బాధ్యత తీసుకున్నాక ఇసుక మీద కొత్త వస్తువులు మొలిచాయి. ఏటవాలుగా పాతిన దుంగలు, వాటి చివర మందుపాతరలు, ఉక్కు కమ్మీల్ని అడ్డదిడ్డంగా బిగించి చేసిన హెడ్జ్‌హాగ్‌లు, మనిషి కంటే ఎత్తైన ఉక్కు ద్వారబంధాలు. ఇవన్నీ పోటు గీతకూ పాటు గీతకూ మధ్యలో ఉన్నాయి. శత్రువు నిండు పోటులోనే వస్తాడని రోమెల్ అంచనా. అప్పుడైతే ఒడ్డు దాకా పడవల్లోనే రావొచ్చు, బయలు ఇసుకలో పరుగెత్తే దూరం తగ్గుతుంది. నీటి కింద మునిగి ఉన్న అడ్డంకులు ఆ పడవల్ని చీల్చాలన్నది ఎత్తు. వాటికి జవాబు చెప్పాలంటే ఎన్ని వరసలు, ఒడ్డుకు ఎంత దూరంలో, ఏ ఎత్తున, వేటికి మందుపాతరలున్నాయి అన్నవన్నీ తెలియాలి. మే 6 నుంచి 20 దాకా అమెరికా 10వ ఫొటో నిఘా గ్రూపు పైలట్లు పాటు వేళ చూసుకొని, ఇసుకకు 8 మీటర్ల పైన, కొన్నిసార్లు ఇంకా కిందుగా, ఒడ్డు వెంబడి దూసుకెళ్లారు. పైలట్లు దీన్ని ప్రాణాలతో పాచికలాటగానే చూసి ‘డైసింగ్’ అన్నారు. ఆ ఫొటోల్లో అడ్డంకులు పాతుతున్న పనివాళ్లు చెల్లాచెదురుగా పరుగెత్తుతుంటారు, ఇసుక మీద బోర్లా పడుకొని ఉంటారు. ఆ మనుషుల వల్ల విశ్లేషకులకు అనుకోని లాభం చేకూరింది. పక్కనే మనిషి ఉంటే గుంజ ఎత్తు చూడగానే తెలిసిపోతుంది.

అడ్డంకుల కొలతలు చేతిలో ఉండబట్టే దాడి వేళ లెక్క తేలింది. అడ్డంకులు బయటికి కనిపిస్తుండగానే పేల్చివేత దళాలు దిగాలి, వాళ్ల వెనకే నీరు పెరుగుతూ పడవల్ని తీసుకురావాలి. అంటే పాటు దాటి పోటు మొదలైన కాసేపటికి, అదీ తెల్లవారిన వెంటనే. ఛత్రీ దళాలకు రాత్రి వెన్నెల కూడా కావాలి. ఇవన్నీ కలిసే రోజులు జూన్ 5, 6, 7 మాత్రమే. లివర్‌పూల్ దగ్గరి సంస్థలో ఆర్థర్ డూడ్సన్ ఇత్తడి చక్రాల యంత్రాలు తిప్పి, ఏ తీరమో తనకు చెప్పకుండా ఇచ్చిన అంకెలతోనే నార్మండీ ఆటుపోట్లను ముందుగా లెక్కగట్టాడు. ఆ లెక్క లేకపోతే ఫొటోలకు సగం విలువ లేదు. ఇసుక వాలు కొలిచిన పద్ధతి చూస్తే ఈ మాట మరింత బలపడుతుంది. ఒకే తీరాన్ని వేర్వేరు వేళల్లో ఫొటో తీస్తే నీటి అంచు వేర్వేరు చోట్ల ఉంటుంది. ప్రతి అంచూ ఆ వేళకు నీటి మట్టం తాకిన సమోన్నత రేఖే. నీరు ఒక మీటరు దిగినప్పుడు అంచు 50 మీటర్లు వెనక్కి పోయిందంటే వాలు 1:50. ట్యాంకుల్ని దింపే పెద్ద ఓడ ముక్కును అలాంటి వాలుకే రూపొందించారు. పాటులో కూడా బయటపడని చోట అలల్నే కొలతకర్ర చేసుకున్నారు. లోతు తక్కువైన చోట అల వేగం లోతు మీదే ఆధారపడుతుంది. మీటరు లోతులో సెకనుకు 3.1 మీటర్లు, రెండు మీటర్ల లోతులో 4.4. కొద్ది సెకన్ల తేడాతో తీసిన రెండు ఫొటోల్లో అల శిఖరం ఎంత జరిగిందో కొలిస్తే, కంటికి కనిపించని అడుగు లోతు అంకెగా వచ్చేస్తుంది. ఇదంతా చేసింది పై ఫొటోలే సుమా. నిలువు కొలత కోసం ప్రతిసారీ కిందికి దిగక్కర్లేదు, కాలాన్నీ ఆటుపోట్లనీ ఫొటోకు జోడిస్తే కొన్నిసార్లు పైనుంచే దొరుకుతుంది. తరావాలో లేనిది ఈ జోడింపే.

ఇసుక కింద ఏముందో మాత్రం ఏ ఎత్తు నుంచి తీసినా తెలియదు. నార్మండీ ఫొటోల్లో నల్లటి మచ్చలు కనబడితే, అవి ట్యాంకు మునిగే మెత్తటి నేలేమోనని భయపడి, 1943 డిసెంబరు 31 రాత్రి ఇద్దరు బ్రిటిష్ సైనికుల్ని ఈదించి ఒడ్డు మట్టి తవ్వించి తెప్పించారు. ఇసుక కింద ఏముందో తెలియకపోతే ఏమవుతుందో మలయాలో కనబడింది. భారతదేశం నుంచి బయలుదేరిన సేనలు 1945 సెప్టెంబరు 9న మోరిబ్ తీరంలో దిగాయి. పైకి గట్టిగా కనిపించిన ఇసుక పొర కింద బురద ఉంది. వాహనాలు వరసగా కూరుకుపోయాయి. జపాన్ అప్పటికే లొంగిపోయింది కాబట్టి సరిపోయింది.

ఇప్పుడు అభ్యంతరాలు. కిందుగా ఎగిరితే ఎక్కడ దిగబోతున్నారో శత్రువుకు చెప్పేసినట్టే కదా? అందుకే 10వ గ్రూపు బ్లాంకెన్‌బర్గ్ నుంచి డంకర్క్ దాకా, ల టూకే నుంచి సెంట్ వాస్త్ దాకా తీరమంతా తీసింది. మొదటి విమానం వెళ్లింది కూడా అసలు చోటికి చాలా దూరంలో, కలే వైపు తీరానికే. అంటే పైలట్లు తలకెత్తుకున్న ప్రమాదంలో పెద్ద భాగం ఎవరూ దిగని ఇసుక కోసం. ఈ ఖర్చు నాకు ఇబ్బందిగానే ఉంటుంది, కానీ దాన్ని తప్పించే దారి కనబడదు. దిగే చోటును మాత్రమే కొలిస్తే కొలత పనికిరాదు.

రెండో అభ్యంతరం ఇంకా గట్టిది. ఇన్ని ఫొటోలు తీసినా నార్మండీలోని ఒమాహా తీరంలో అంత ప్రాణనష్టం ఎందుకు జరిగింది? అడ్డంకులు ఫొటోల్లో చూసినట్టే ఉన్నాయి. పేల్చివేత దళాలు అచ్చం అలాంటి వాటి మీదే ముందుగా సాధన చేశాయి. అయినా 16 దారులు తెరవాలనుకుంటే మొదటి విడతలో తెరిచింది ఐదారు. కాల్పులు అంత ముమ్మరంగా ఉన్నాయి. తుపాకుల్ని సముద్రం వైపు గోడ పెట్టి తీరానికి పక్కగా కాల్చేలా కట్టారు. వాటి వెనక జర్మన్ 352వ డివిజన్ వచ్చి చేరిన సంగతి మిత్రదళాల గూఢచార విభాగానికి సరిగా అందలేదు. దగ్గర్లోని పాయింట్ ద్యు ఓక్ కొండ ఎక్కి చూస్తే, ఫొటోల్లో ఉన్న తుపాకులు అప్పటికే అక్కడి నుంచి కదిలిపోయాయి. ఈ వైఫల్యాన్ని కెమెరా ఖాతాలో వెయ్యలేం. కాంక్రీటు లోపల ఎవరున్నారన్నది కోణం మార్చితే తెలిసే విషయం కాదు, దానికి వేరే కళ్లూ చెవులూ కావాలి.

కెమెరాకు అందేదై ఉండి కూడా తప్పిపోయినది ఒకటుంది. తీరం దాటి లోపలికి వెళ్తే నార్మండీ పొలాల చుట్టూ బోకాజ్ అనే పొదల గట్లు. శతాబ్దాలుగా పెరిగిన మట్టి కట్ట, దాని మీద వేళ్లు పెనవేసుకున్న పొదలు, చెట్లు, మొత్తం కలిస్తే మనిషి ఎత్తును ఎప్పుడో దాటేసింది. పై ఫొటోల్లో ఇవి పొలాల మధ్య నల్లటి గీతలుగా స్పష్టంగానే ఉన్నాయి. ఇంగ్లండులోని చిన్న కంచెల్లాంటివే అనుకున్నారు. ఒడ్డున గుంజల ఎత్తు అంగుళాల్లో తెలుసుకున్నవాళ్లు రెండు మైళ్ల అవతలి గట్టు ఎత్తు గురించి అంత పట్టుగా అడగలేదు. అందరి చూపూ ఇసుక మీదే ఉండిపోయింది. ట్యాంకు ఆ గట్టు ఎక్కితే పలుచటి పొట్ట భాగం శత్రువుకు చూపినట్టే. వారాల తరబడి సైన్యం పొలానికి పొలం పోరాడుతూ ఇరుక్కుపోయింది. చివరికి కర్టిస్ క్యూలిన్ అనే సార్జెంటు ట్యాంకు ముందు ఉక్కు కోరలు బిగించి గట్టును చీల్చే పరికరం తయారుచేశాడు. దానికి వాడిన ఉక్కు ఒడ్డున రోమెల్ పాతించిన అడ్డంకుల నుంచి పీకినదే.

ఇదంతా పాత కెమెరాల కాలపు బాధ, ఎత్తు నుంచే అన్నీ కనిపించే రోజులొచ్చాక కిందుగా ఎగరక్కర్లేదని కూడా అంటారు. 1962లో క్యూబా మీద 20 కిలోమీటర్ల ఎత్తున ఎగిరిన యూ-2 విమానం అక్టోబరు 14న సోవియట్ క్షిపణుల్ని ఫొటో తీసింది. అంత మంచి కెమెరాలున్నా, దండయాత్రకు ప్రణాళిక వేస్తున్న సైన్యానికి అవి చాలలేదు. అక్టోబరు 23 నుంచి అమెరికా నావికాదళపు క్రూసేడర్లు చెట్ల పైన రాసుకుంటూ ఎగరాల్సి వచ్చింది. రెండ్రోజులకే లూనా అనే స్వల్ప దూర రాకెట్టు బండి ఒకటి ఆ ఫొటోల్లో దొరికింది. తీరంలో దిగే సైన్యం మీదికి ఎక్కుపెట్టడానికి పనికొచ్చే ఆయుధం అది. దాని ఆకారం, చక్రాలు, పక్కన నిలబడ్డ మనుషులు అన్నీ ఫొటోలో ఉన్నాయి. లోపల పెట్టేది మామూలు మందా, అణుబాంబా అన్నది లేదు. క్యూబాలో సోవియట్ సైనికులు పదివేల మంది ఉంటారని అమెరికా అనుకుంది. ఉన్నది 40,000 పైమాటే. లూనాల అణు వార్‌హెడ్లు అప్పటికే దీవిలో ఉన్నాయని ఆనాటి రక్షణమంత్రి రాబర్ట్ మెక్‌నమారాకు తెలిసింది 1992 జనవరిలో, హవానాలో జరిగిన సమావేశంలో, ఒకనాటి సోవియట్ సైనికాధికారి నోట.